పింఛను పోతుందన్న భయంతో పొలం రాసివ్వాలా?

విశాఖపట్నంలోని గోపాలపట్నం నుంచి ఒక పాఠకురాలు నోటుపుస్తకం కాగితాల మీద ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసివేసి, మిగిలినది క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 39. రెండో ఏట పోలియో సోకి కుడికాలు చచ్చుబడింది, ఎడమకాలు బలహీనపడింది. కాలికి ఊతమిచ్చే క్యాలిపర్ వేసుకుని, చంకకర్ర సాయంతో ఇంట్లో తిరగగలరు. మెట్లు ఎక్కలేరు. సదరం ధ్రువపత్రంలో వైకల్యం 72 శాతమని ఉంది. నెలకు 6,000 రూపాయల పింఛను అందుతోంది. జాకెట్లు కుట్టి మరో నాలుగు వేలు సంపాదించుకుంటున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఇంటి కింది వాటాలో ఆమె, 66 ఏళ్ల తల్లి ఉంటారు. పై వాటాలో అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు ఉంటారు. ఒక ఇంట్లో రెండు పింఛన్లు కుదరవన్నారని తల్లి దరఖాస్తు కూడా పెట్టలేదు.

తండ్రి ఆటోనగర్‌లో మెకానిక్‌గా పనిచేసి, ఏడాదిన్నర క్రితం జబ్బుచేసి పోయారు. వీలునామా రాయలేదు. ఆయన పేరున సబ్బవరం వైపు 2 ఎకరాల 70 సెంట్ల మెట్ట భూమి ఉంది. అందులో కొంత జీడిమామిడి, కొంత సరుగుడు. తోట మీద ఏటా 45,000 రూపాయల కౌలు వస్తుంది. ఆ భూమి తాత నాటిదని తల్లి అంటారు, నాన్నే కొన్నాడని అన్నయ్య అంటాడు. గోపాలపట్నం ఇల్లు మాత్రం తండ్రి కట్టించినదే. రెండు అంతస్తులూ కలిపి 1,400 చదరపు అడుగులు, రెండింటికీ ఒకటే కరెంటు మీటరు.

మూడు నెలలుగా అన్నయ్య ఒక కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. "నీ పేరున భూమి ఎక్కిందంటే కంప్యూటర్‌లో కనబడుతుంది, మరుసటి నెలే నీ పింఛను ఆపేస్తారు. నీ వాటా నాకు విడుదల చేస్తూ రాసివ్వు. నిన్ను, అమ్మను చూసుకునేది నేనే కదా" అంటున్నాడు. ఆఫీసు మెట్లు ఎక్కలేకపోతే జీపీఏ, అంటే తన తరఫున సంతకం చేసే అధికారపత్రం, రాసిస్తే చాలని, మిగతా పని తానే చూసుకుంటానని కూడా చెబుతున్నాడు. మేనమామ వచ్చి, "ఒంటరిదానివి, నీకెందుకమ్మా పొలం?" అన్నారట. ఈ మధ్య ఎవరో రియల్ ఎస్టేట్ మనిషి వచ్చి తోట చూసి వెళ్లాడని కౌలుదారు చెప్పాడు. ధర ఎంత అడిగాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2025లో వైకల్యాన్ని మళ్లీ పరీక్షించినప్పుడు వీధిలో ఇద్దరికి పింఛను నోటీసులు వచ్చాయి. తన శాతం మారలేదు గాని, ఆ నెలంతా నిద్రలేదని రాశారు. ఉత్తరం చివర మూడు ప్రశ్నలున్నాయి. భూమి నా పేరున ఉంటే పింఛను పోతుందా? పొలం ఉండి కూడా పింఛను తీసుకోవడం తప్పు కాదా? రాసివ్వకపోతే అన్నయ్య నాకు దూరమవుతాడా?

అమ్మా,

మీ మూడో ప్రశ్న దగ్గర సిరా కాస్త అలికినట్టుంది. అదే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతోందని తెలుస్తోంది. అయినా మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీ ఇంట్లో మూడు నెలలుగా జరుగుతున్న మాటలన్నీ ఆ ఒక్క భయం మీద నిలబడి ఉన్నాయి. ఆ భయం ఎంతవరకు నిజమో ముందు చూడాలి.

2019 డిసెంబరు నుంచి పింఛన్లకు అర్హతను కొన్ని కొలతలతో చూస్తున్నారు. భూమి విషయంలో కుటుంబానికి మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ ఉంటే కలిపి 10 ఎకరాలు మించకూడదు. మీ భూమి మెట్ట. మీ నాన్నగారి పేరున ఉన్న మొత్తం 2 ఎకరాల 70 సెంట్లూ మీ ఒక్కరి పేరున ఎక్కినా ఆ హద్దులో మూడో వంతు కూడా కాదు. మీ వాటా ఎంతో కిందికి లెక్కవేస్తాను, అది ఇంకా తక్కువ. భూమి కంప్యూటర్‌లో కనబడుతుందన్న మాట నిజమే, కనబడాలి కూడా. కనబడినంత మాత్రాన పింఛను ఆగదు. కనబడిన విస్తీర్ణం హద్దు దాటితేనే ఆగుతుంది.

నగరంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 రూపాయలు మించకూడదు. మీ కుట్టుపని నాలుగు వేలు. కౌలులో మీది, అమ్మది కలిపి మూడింట రెండు వంతులనుకుంటే ఏడాదికి 30,000, అంటే నెలకు 2,500. రెండూ కలిపి 6,500. ఇక్కడా మీరు హద్దులోనే ఉన్నారు.

మరి ప్రమాదమే లేదా? ఉంది. కాని అన్నయ్య చూపిస్తున్న చోట లేదు.

ఈ కొలతలన్నీ మనిషికి కాదు, కుటుంబానికి. వార్డు సచివాలయం రికార్డులో ఎవరెవరిని ఒక ఇంటివారిగా చేర్చారన్నదే అసలు సంగతి. మీ ఉత్తరంలో నాలుగో పేజీలో, మధ్యలో ఎక్కడో, అన్నయ్య ఇంటి రుణం కోసం ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తున్నాడని, పోయిన సంవత్సరం పాత కారు ఒకటి కొన్నాడని రాశారు. కుటుంబంలో ఆదాయపు పన్ను చెల్లించేవారు ఉండకూడదు. నాలుగు చక్రాల సొంత వాహనం ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మాత్రం మినహాయింపు ఉంది. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదు. మీ రేషను కార్డు మీకూ అమ్మకూ విడిగా ఉందన్నారు, మంచిదే. సచివాలయంలో కూడా మీ ఇద్దరిని విడి కుటుంబంగానే నమోదు చేశారా? మీ ఆధార్ పై వాటా వారితో కలిసి ఉంటే, మీ పింఛనుకు ముప్పు తెచ్చేవి మీ వాటా జీడితోట కాదు, ఆ కారు, ఆ రిటర్ను, వేసవిలో పైన తిరిగే ఏసీ. వాటా మొత్తం అన్నయ్యకు రాసిచ్చి, చేతిలో సెంటు భూమి లేకుండా కూర్చున్నా ఆ ముప్పు అలాగే ఉంటుంది.

అందుకే వీలైనంత త్వరగా ఎవరినైనా సచివాలయానికి పంపి, మీ కుటుంబ నమోదులో ఎవరి పేర్లున్నాయో తెలుసుకోండి. నడవలేని మీరు వెళ్లక్కరలేదు. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చే సిబ్బందిని అడిగినా చెబుతారు. పై వాటా వారితో కలిసి ఉంటే విడదీయమని దరఖాస్తు పెట్టండి. కింది వాటాకు వేరే మీటరు పెట్టించుకోండి. ఈ రెండు పనులకూ మీ వాటా వదులుకోవలసిన అవసరం లేదు.

ఇంటి సంగతి వేరు. అక్కడ అన్నయ్య మాటలో కొంత నిజం ఉంది. పట్టణాల్లో కుటుంబానికి సొంత ఇంటి నిర్మాణం 1,000 చదరపు అడుగుల లోపే ఉండాలి. మీ ఇల్లు మొత్తం 1,400. మూడు వాటాలైతే ఒక్కొక్కరికి 467 అడుగుల చొప్పున వస్తాయి. మీది, అమ్మది కలిపినా 934. కాగితం మీద హద్దు దాటరు. కాని విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో ఇంటిపన్ను ఒకటే అసెస్‌మెంట్ నంబరు మీద ఉండి, దానికి మీ ఆధార్ జతపడితే, ఇల్లంతా మీదేనని లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. పంపకం తర్వాత కింది వాటాకు వేరే అసెస్‌మెంట్ నంబరు వేయించుకుంటే ఆ చిక్కు ఉండదు. ఇంకొకటి కూడా మీకు తెలియాలి. మీ పేరున పక్కా ఇంట్లో భాగం ఉంటే, ప్రధానమంత్రి ఆవాస్ యోజన లాంటి పథకాల్లో ఇల్లు అడిగే అర్హత పోతుంది. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారికే ఆ పథకం. ఇది నిజమైన నష్టమే. ఉన్న ఇంట్లో ఖాయమైన వాటా, రావచ్చో రాకపోవచ్చో తెలియని కొత్త ఇల్లు, ఈ రెండింటిలో ఏది కావాలో మీరు తూచుకోవాలి.

రెండో ప్రశ్నకు ఇక్కడే జవాబు చెబుతాను, ఎందుకంటే అది మిమ్మల్ని లోపల కోస్తోంది. పొలం ఉన్నవాళ్లు పింఛను తీసుకోవడం తప్పయితే, నిబంధనలో పదెకరాల హద్దు ఎందుకు పెడతారు? చిన్న కమతం ఉన్న కుటుంబాలకు కూడా సాయం అవసరమని తెలిసే ఆ హద్దు పెట్టారు. కాళ్లు పనిచేసేవారు బస్సెక్కి వెళ్లే చోటికి మీరు ఆటో మాట్లాడుకుని వెళ్లాలి. క్యాలిపర్ పట్టీలు అరిగితే మార్చుకోవాలి. సరుకులు మోయడానికి మనిషిని బతిమాలాలి, లేదా డబ్బివ్వాలి. పింఛను ఆ ఖర్చుల్లో కొంత తీరుస్తుంది, అంతే. మీరు ఏదీ దాచడం లేదు. దాచనంతవరకు ఎవరి ముందూ తలదించుకోవలసిన పని లేదు.

ఇప్పుడు అసలు మీకు ఏం రావాలో చూద్దాం. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. ఆ భూమి నాన్నగారు కొన్నదే అయితే అమ్మకు, అన్నయ్యకు, మీకు తలా 90 సెంట్లు. అమ్మ చెప్పినట్టు తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది. అప్పుడు నాన్నగారితో పాటు అన్నయ్య, మీరు పుట్టుకతోనే హక్కుదారులు. మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసి కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అలా అయితే ముందు నాన్నగారికి, అన్నయ్యకు, మీకు తలా 90 సెంట్లు, నాన్నగారి 90 సెంట్లు మళ్లీ అమ్మకు, అన్నయ్యకు, మీకు తలా 30. మొత్తం మీకు ఎకరా 20 సెంట్లు, అన్నయ్యకు ఎకరా 20, అమ్మకు 30 సెంట్లు. తాత దగ్గర నుంచి వచ్చిన ప్రతి భూమీ ఉమ్మడి ఆస్తి కాదు కాబట్టి, పాత దస్తావేజులు న్యాయవాది చదివి చెప్పాలి. గమనించారా? "నాన్న కొన్నదే" అని అన్నయ్య అంటున్న మాట నిజమైతే మీ వాటాతో పాటు ఆయన వాటా కూడా తగ్గుతుంది. ఆ తేడా ఆయనకు తెలుసో లేదో. తెలియకపోతే, ఆయన మోసం చేస్తున్నాడని అనుకోవడానికి ముందు కాస్త ఆగవచ్చు.

మేనమామ గారి మాట మాత్రం నాకు కోపం తెప్పించింది. అవిటితనం ఉన్నవారికి ఆస్తిలో వాటా లేదన్న పాత ఆచారం ఈ దేశంలో నిజంగానే ఉండేది. దాన్ని తొలగించడానికి 1928లోనే ఒక చట్టం వచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఏ జబ్బు వల్లా, ఏ అంగలోపం వల్లా వారసత్వం పోదని తేల్చి చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. ఇతరులతో సమానంగా ఆస్తిని పొందే హక్కు, ఉంచుకునే హక్కు, డబ్బు వ్యవహారాలను సొంతంగా నడుపుకునే హక్కు మీకున్నాయని అది చెబుతోంది. మీకు తోడుగా ఉండే మనిషికి, ఒక ఆస్తి లావాదేవీలో మీ ప్రయోజనానికి ఎదురైన ప్రయోజనం ఉంటే, ఆ లావాదేవీలో అతను తోడుగా ఉండకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. మీ వాటా పుచ్చుకునేది అన్నయ్య, రాసివ్వమని సలహా ఇచ్చేదీ అన్నయ్యే. ప్రేమ ఎంత ఉన్నా ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదు.

ఇక మీ ముందున్న దారులు.

అన్నయ్య అడిగినట్టు విడుదల దస్తావేజు రాసివ్వడం ఒకటి. అది మీ హక్కు, మనస్ఫూర్తిగా ఇవ్వాలనుకుంటే ఎవరూ ఆపలేరు. కాని రిజిస్టరు అయ్యాక వెనక్కి తీసుకోవాలంటే సివిల్ కోర్టుకే వెళ్లాలి. మోసం జరిగిందనో, ఒత్తిడి పెట్టారనో నిరూపించాలి, దానికీ మూడేళ్ల గడువే. "చూసుకుంటాను" అన్న మాట కాగితంలో లేకపోతే దాన్ని పట్టుకుని గెలవడం చాలా కష్టం. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. పిల్లలు చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, వారు చూడకపోతే రద్దు చేయించుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. అది అరవై ఏళ్లు నిండినవారికే. అమ్మ తన వాటా రాసిస్తే, ఆ షరతు పత్రంలో రాయించుకుంటే, ఆమెకు ఆ గొడుగు ఉంటుంది. 39 ఏళ్ల మీకు, వైకల్యం 72 శాతం ఉన్నా, ఆ గొడుగు లేదు.

పేరు చెప్పను, భీమిలి వైపు నుంచి వినికిడి లేని ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చేవారు. తమ్ముడికి తన వాటా రాసిచ్చారు. తమ్ముడు మాట మీద నిలబడ్డాడు, అన్నం పెట్టాడు, ఆసుపత్రికి తిప్పాడు. ఆరేళ్ల తర్వాత తమ్ముడు గుండెపోటుతో పోయాడు. మరదలికి, పిల్లలకు ఆ మాటతో సంబంధం లేదు, వాళ్లకు వాళ్ల అప్పులున్నాయి. ఆ ఇంట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. మీ అన్నయ్య మంచివాడేనని ఉత్తరంలో ఏడుసార్లు రాశారు. నేను నమ్ముతున్నాను. ఆయన మంచితనం ఆయన ఉన్నంతవరకే మీకు అండ.

రెండో దారి ముగ్గురూ కలిసి భాగపంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించుకుని, మీ భాగానికి హద్దులు పెట్టించి, మీ పేరున పట్టాదారు పాసుపుస్తకం తీసుకోవడం. దీనికి ఖర్చు ఉంది, సర్వేయరు కోసం ఎదురుచూడాలి, దారి ఎవరి భాగంలోంచి వెళ్లాలన్న పేచీ రావచ్చు. కాని ఆ తర్వాత కౌలు డబ్బు నేరుగా మీ చేతికి వస్తుంది, మీ సంతకం లేకుండా ఎవరూ అమ్మలేరు. పింఛను కోణంలో ఏ అడ్డూ లేదని పైన లెక్క చూశారు.

మూడోది మార్పిడి. పొలంలో మీ వాటా అన్నయ్యకు ఇచ్చి, బదులుగా కింది వాటా ఇల్లు పూర్తిగా మీ పేరున రాయించుకోవడం. దీనికి అమ్మ కూడా ఒప్పుకోవాలి. మీరు మెట్లు ఎక్కలేరు, పొలానికి వెళ్లలేరు, కింది వాటాలోనే మీ కుట్టుమిషను ఉంది. 700 చదరపు అడుగులు 1,000 లోపే. నాకు ఈ దారి మీ బతుక్కి దగ్గరగా కనిపిస్తోంది. కాని ఒక చిక్కు ఉంది. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల రహదారి వచ్చాక ఆ చుట్టుపక్కల భూముల ధరలు మునుపటిలా లేవు. రెండు ఆస్తుల విలువ కట్టించకుండా మారిస్తే మీరు చాలా పోగొట్టుకోవచ్చు. తేడాకు డబ్బు తీసుకోవచ్చు, లేదా 30, 40 సెంట్లు మీకు ఉంచుకోవచ్చు.

నాలుగోది అమ్మడం, అన్నయ్యకో బయటివారికో. ఆ డబ్బు మీ ఖాతాలోనే పడాలి. విచిత్రం ఏమిటంటే, భూమి ఉంచుకుంటే రాని చిక్కు అమ్మితే వస్తుంది. జీవీఎంసీ హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు ఉన్న వ్యవసాయ భూమిని అమ్మితే వచ్చిన లాభం ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది. పన్ను కట్టినట్టు నమోదైతే పింఛను మీద దాని ప్రభావం పడుతుంది. బ్యాంకులో వేసిన డబ్బు మీద వడ్డీ కూడా కుటుంబ ఆదాయమే. మీ వాటా అమ్మితే దాని కౌలు పోయి, కుట్టుపని, అమ్మ కౌలు కలిపి నెలకు 5,250 మిగులుతుంది. దాని మీద మరో 6,750 వడ్డీ కలిస్తే 12,000 హద్దుకు చేరిపోతారు. అమ్మకం మీ అంతట మీకు అవసరమైతే చేయండి, ముందు ఒక ఆడిటరుతో ఒక గంట కూర్చోండి.

ఏమీ చేయకుండా ఉమ్మడిగానే ఉంచడం ఐదో దారి. అది ఇంట్లో శాంతిని కాపాడుతుంది, మీ హక్కు ఆలస్యం వల్ల వెంటనే పోదు. అయితే రికార్డుల్లో నాన్నగారి పేరు తీసి ఒక్క అన్నయ్య పేరే ఎక్కితే తర్వాత తిప్పలు తప్పవు. ఈ దారి పట్టినా, కనీసం వారసులుగా ముగ్గురి పేర్లూ ఎక్కించమని తహసీల్దారుకు దరఖాస్తు పెట్టండి. భూమి సబ్బవరం మండలంలో ఉంటే 2022లో జిల్లాలు విడిపోయినప్పటి నుంచి అది అనకాపల్లి జిల్లా కిందికి వస్తుంది, దరఖాస్తు విశాఖలో కాదు, అక్కడ.

జీపీఏ విషయంలో మాత్రం దారులు చూపించను. ఇవ్వకండి. అమ్మే అధికారం ఉన్న జీపీఏ ఇస్తే, ఎప్పుడు, ఎంతకు, ఎవరికి అన్నది మీ చేతిలో ఉండదు. మెట్లు ఎక్కలేరన్న సాకు అక్కరలేదు. శరీర అశక్తత వల్ల కార్యాలయానికి రాలేనివారి ఇంటికి వచ్చి రిజిస్టరు చేసే ఏర్పాటు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. దానికి రుసుము కట్టి అడగాలి, అంతే.

ఎవరి దగ్గరకు వెళ్లాలి అంటారా? మహిళగా ఒకసారి, దివ్యాంగురాలిగా మరోసారి, రెండు విధాలా మీకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ విశాఖ కోర్టు ఆవరణలో ఉంది, 15100కు ఫోను చేసి కూడా అడగవచ్చు. మీ తరఫున మాత్రమే చూసే న్యాయవాది మీకు ఉండాలి. అన్నయ్య తెచ్చిన న్యాయవాది అన్నయ్య న్యాయవాదే. ఎప్పుడైనా పింఛను నిజంగానే ఆగితే, కారణం రాతపూర్వకంగా అడగండి, సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. కారణం కాగితం మీద ఉంటేనే దానికి జవాబు చెప్పగలం.

పింఛను గురించి ఇంకొక్క మాట. మీకు వస్తున్నది ఏడాదికి 72,000. 2024 జూలైకి ముందు ఇందులో సగమే వచ్చేది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారింది, మొత్తం మారింది. 2025లో పరీక్షలతో ఎంత భయపడ్డారో మీరే రాశారు. మారుతూ ఉండే ఆ మొత్తాన్ని కాపాడుకోవడానికి, మారని హక్కును వదులుకోమంటున్నారు. ఆ బేరం లెక్కకు నిలబడదు.

ఇక మూడో ప్రశ్న. అన్నయ్య నాన్నగారి వైద్యానికి మూడున్నర లక్షలు అప్పు చేశాడని రాశారు. అది మీ ఇంట్లో ఎవరూ నోరెత్తి మాట్లాడని విషయంలా ఉంది. నాకైతే ఆ కాగితం వెనక ఉన్నది అత్యాశ కంటే ఆ అప్పేననిపిస్తోంది. ఆయన అడగలేక పొలం అడుగుతున్నాడేమో. ఆ అప్పు ముగ్గురిదీ అని మీరే ముందు అనండి. మీ భాగంలోంచి తీర్చడానికి సిద్ధమని చెప్పండి, పంపకంలో ఆ మొత్తాన్ని లెక్కకట్టి ఆయనకు ఎక్కువ ఇవ్వవచ్చు. అలా చెప్పాక ఆయన ముఖంలో ఏం కనిపిస్తుందో చూడండి. ఊరట కనిపిస్తే మీ అన్నయ్య మీ దగ్గరే ఉన్నాడు. కోపం వస్తే, ఆ కోపం మీ సంతకంతో తీరేది కాదు.

వచ్చే ఆదివారం మేనమామ మళ్లీ వస్తారన్నారు. ఆయన ముందు వాదించకండి. "మామయ్యా, పింఛను నిబంధనలు తెలుసుకున్నాను, పొలం వల్ల పోదట. కాగితాలు మా వకీలు చూశాక మాట్లాడుకుందాం" అని ఒక్క మాట చెప్పి, టీ ఇవ్వండి. అంతకుముందే, అంటే ఈ ఉత్తరం చదివిన రోజునే, అమ్మను అడిగి బీరువాలోంచి నాన్నగారి పాసుపుస్తకం, పాత దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు తీయించండి. ప్రతి పేజీకి ఫోనులో ఫొటో తీసుకుని, వాటిని ఎక్కడి నుంచి తీశారో అక్కడే పెట్టేయండి.